నారింజ బుడగ వెంట ఈత

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే ఇందులో జరిగిన గొడవలో సగానికి కారణం నేను ఒక కొలత తప్పుగా చదవడం. మా స్టాఫ్ రూములో ఇప్పటికీ ఎవరైనా టేపు చేతిలోకి తీసుకుంటే నావైపు చూసి నవ్వుతారు.

నలభై రెండో ఏట డాక్టరు నాకు సుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందని చెప్పాడు. దాంతో స్కూటీ మానేసి సైకిలు మీద స్కూలుకు వెళ్లడం మొదలుపెట్టాను. నర్సీపట్నంలో ఉదయం ఎనిమిదిన్నరకి ఆటోలకీ బస్సులకీ మధ్య చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని సైకిలు తొక్కే టీచరు నేనొక్కదాన్నే కాబట్టి అందరూ దారి ఇచ్చేవారు. ఆరు నెలలకి కాలేజీ గ్రౌండులో పరుగు కూడా పట్టుకున్నాను. అది చూసి మా పీఈటీ మాస్టారు ఒకరోజు టీ తాగుతూ, "సైకిలు తొక్కేస్తన్నారు, పరిగెట్టేస్తన్నారు. ఇంక ఈతొక్కటి వస్తే ట్రయథ్లాన్ అయిపోద్ది మేడం" అన్నారు.

ఆయన సరదాకి అన్నారు. నేను ఇంటికొచ్చి ఆ మాటకు అర్థం ఫోనులో చూశాను. ముందు ఈత కొట్టాలి, నీళ్లు కారుతుండగానే సైకిలెక్కాలి, సైకిలు దిగి పరిగెత్తాలి. మధ్యలో కూర్చోడానికి లేదు. రోజూ నా పని అచ్చం అలాగే ఉంటుంది కదా, ఇందులో కొత్తేముంది అనిపించింది.

ఈత మాత్రం రాదు. ఆ మాట మా అత్తయ్య దగ్గర అన్నాను. ఆవిడకి డెబ్బై దాటాయి. పుట్టిల్లు రోలుగుంట దగ్గర ఒక పల్లె. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ, తలెత్తకుండానే, "ఈతేటి, నాను నేర్పుతాను. దానికి మాస్టరెందుకు?" అన్నారు.

ఆ పల్లెలో అత్తయ్య తమ్ముడికి చెరకు తోట ఉంది. తోటలో మెట్లున్న పెద్ద నేలబావి. ఆదివారం ఆదివారం అక్కడికి వెళ్లేవాళ్లం. అత్తయ్య నా నడుముకి రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టి, గట్టు మీద గొడుగేసుకుని కూర్చుని, "కాళ్లాడించు! సేతులు కాదు, కాళ్లు! గుడ్లగూబలాగ నన్ను సూడకు!" అని అరిచేవారు. వేసవి వచ్చేసరికి డబ్బాలు తీసేశారు. పాత చుడీదారు వేసుకుని, చున్నీ నడుముకి బిగించి, తల పైకెత్తుకుని కప్పలా గంటసేపు ఆపకుండా ఈదగలిగేదాన్ని. ఒక్కటే లోపం. బావి గుండ్రంగా ఉంటుంది. మోటారు పైపు తగలకుండా నేను ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ ఈదేదాన్ని. తిన్నగా ఈదడమనేది నేను ఎన్నడూ చేయలేదని నాకు అప్పుడు తోచలేదు.

ఆ ఏడాదే కొందరు మా దగ్గరి రిజర్వాయరులో ట్రయథ్లాన్ పోటీ పెడుతున్నారని పీఈటీ మాస్టారు కబురు తెచ్చారు. పేరు ఇచ్చేశాను. వారం రోజుల ముందు నిబంధనల కాగితం వచ్చింది. వదులుగా ఉండే బట్టలతో నీళ్లలోకి దిగకూడదు. ఒంటికి అతుక్కునే ఈత సూటు ఉండాలి. కళ్లకి గాగుల్స్, తలకి టోపీ ఉండాలి. నడుముకి గాలి నింపిన బుడగ కట్టుకోవాలి. టోపీ, బుడగ వాళ్లే ఇస్తారట. గాగుల్స్ పీఈటీ మాస్టారు తన చదువుకునే రోజుల నాటివి ఇచ్చారు. సూటు నేను ఆన్‌లైనులో ఆర్డరు పెట్టాను. ఒంటినిండా ఉండేది, చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండ దాకా. సైజుల పట్టికలో 38 అని కనిపించింది. నా ఛాతీ కొలత 38 అంగుళాలు. అంతకంటే తేలిక లెక్క ఏముంటుంది అనుకున్నాను. అది అంగుళాలు కాదనీ, ఏదో దూరదేశంలో బట్టలకి వేసుకునే నంబరనీ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉందట.

సూటు రేపు పోటీ అనగా మధ్యాహ్నం వచ్చింది. కవరు విప్పితే నల్లగా, గుప్పిట్లో పట్టేంత ఏదో బయటపడింది.

"ఇది మేజోడేటి?" అన్నారు అత్తయ్య.

"కాదు అత్తయ్యా, ఒంటికి వేసుకునేదే."

"ఎవులి ఒంటికి?"

మార్చుకునే వ్యవధి లేదు. గది తలుపులేసుకుని ఇద్దరం పని మొదలుపెట్టాం. మొదటి పావుగంటలో ఒక కాలు మోకాలి దాకా వెళ్లింది. అక్కడ ఇరుక్కుంది. నేను మంచం మీద వెల్లకిలా పడుకుని కాలు పైకెత్తితే, అత్తయ్య నిలబడి సూటు పట్టుకుని, దిండుకి గలీబు తొడిగినట్టు ఎగరేసి ఎగరేసి లాగారు. సూటు కదల్లేదు కానీ నేను మంచం చివరి దాకా వచ్చేశాను. అప్పుడు ఆవిడ వంటింట్లోకి వెళ్లి బట్టల కొట్టు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి నా రెండో పాదానికి తొడిగారు. ఆ కాలు జర్రున జారి అవతలికి వచ్చేసింది. మొదటి కాలు కూడా ఊడదీసి అలాగే ఎక్కించారు.

"ఇదెక్కడ నేర్చుకున్నారు?"

"మీ మావయ్యగారికి కాలికి పిండికట్టు ఏసినప్పుడు పేంటు ఎలగ తొడిగాననుకున్నావు?"

చేతులకి కూడా కవర్ల పద్ధతే. ఇక మిగిలింది వీపు మీద జిప్పు. అత్తయ్య నా నడుము మీద మోకాలు ఆనించి, "ఊపిరి ఒగ్గీ... ఇంకా ఒగ్గీ... ఇంక తీసుకోకు!" అంటూ లాగారు. జిప్పు మెడ దాకా చేరింది. అద్దంలో చూసుకుంటే రెండు చేతులూ పక్కలకి చాపుకుని పొలంలో దిష్టిబొమ్మలా ఉన్నాను. దించుదామంటే దిగవు, భుజం కంటే పైకి ఎత్తుదామంటే లేవవు.

"తడిస్తే సాగుద్దిలే" అన్నారు అత్తయ్య ధీమాగా.

తడిస్తే సాగలేదు. ఆ సంగతి మర్నాడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే సైకిలు వెనక కట్టుకుని ఆటోలో రిజర్వాయరుకి చేరాం. దారంతా నేను సీటు మీద కూర్చోలేక, సగం పడుకుని సగం నిలబడి వచ్చాను. ఒంటి మీద తెల్లారుజామున మళ్లీ కవర్లతో ఎక్కించిన సూటు, దానిపైన నైటీ. నీళ్లకి మూడు వైపులా కొండలు, కొయ్యూరు వైపు ఇంకా మంచు విడలేదు. ముప్పై నలభై మంది పోటీకి వచ్చారు. చాలామంది విశాఖపట్నం వాళ్లు. వాళ్ల సైకిళ్లు ఒక వేలితో ఎత్తేంత తేలికగా ఉన్నాయి. నా సైకిలుకి ముందు బుట్ట, వెనక క్యారేజీ ఉన్నాయి.

టోపీ ఇచ్చారు. గులాబీ రంగు రబ్బరు టోపీ. నా జుట్టు నడుము దాకా ఉంటుంది. దాన్ని ముడేసి టోపీలో కుక్కేసరికి నెత్తి మీద ఇంకో చిన్న తల మొలిచినట్టయింది. చెవులు పూర్తిగా మూసుకుపోయాయి. తర్వాత కళ్లజోడు తీసి అత్తయ్యకిచ్చి గాగుల్స్ పెట్టుకున్నాను. నాకు దూరపు చూపు తక్కువ. కళ్లజోడు లేకపోతే పది అడుగుల అవతల మనిషి మంచివాడో చెడ్డవాడో కాదు, మనిషో స్తంభమో తెలియదు. దానికి తోడు మాస్టారి గాగుల్స్ ముదురు నీలం. పొద్దున ఆరున్నరకే నాకు సాయంత్రం అయిపోయింది.

చివరికి బుడగ. చిన్న దిండంత ఉంది. నారింజ రంగు. తాడుతో నడుముకి కట్టారు. అది చూసి అత్తయ్యకి చాలా సంతోషం వేసింది. "సూసావా, మన నూనె డబ్బాలే! వీళ్లూ మనలాగే నేర్చుకున్నారు!" అన్నారు. ఆ ముక్క గట్టిగా అన్నారు కాబట్టే నాకు వినిపించింది.

ఒక నిర్వాహకుడు మైకులో ఏదో చాలాసేపు చెప్పాడు. నా దాకా చేరింది "నారింజ" అన్న ఒక్క మాటే. పక్కనున్న ఆవిడని అడిగితే, దూరంగా నీళ్ల మధ్య నారింజ రంగు పెద్ద బెలూను ఉంది, దాన్ని చుట్టి వెనక్కి రావాలని చెప్పింది. అంతే కదా అనుకున్నాను. ఈల వేశారు. ఈల కూడా నేను వినలేదు, అందరూ పరిగెడితే పరిగెత్తాను.

నీళ్లలో మొదటి పది నిమిషాలు నేను ఈదానని చెప్పను. చేతులు లేవవు. బావిలో చేసినట్టు కాళ్లు బార్లా చాపి తన్నుదామంటే సూటు చాపనివ్వదు. చేతులు ఛాతీ దగ్గర పెట్టుకుని మట్టి తవ్వుకునే ఎలుకలా నీళ్లు తోసుకుంటూ పోయాను. ఇంతలో వెనక నుంచి ఏదో వచ్చి నా పిరుదులకి తగిలింది. తన్నాను. మళ్లీ వచ్చి తగిలింది. రిజర్వాయరులో పెద్ద పెద్ద చేపలు ఉంటాయని ఎప్పుడో విన్నాను. "ఓలమ్మో!" అని కేకేసి రెండు కాళ్లతో తన్నాను. నీళ్లు మింగి, దగ్గి, వెనక్కి తిరిగి చూస్తే నా బుడగే.

ఆ గాభరాలో కొంత ముందుకి వెళ్లినట్టున్నాను. తల పైకెత్తి చూశాను. చుట్టూ అంతా నీలంగా, మసకగా ఉంది. ఎదురుగా కొంచెం దూరంలో నారింజ రంగు మచ్చ ఒకటి కనబడింది. అదే మలుపు బెలూను. ప్రాణం లేచొచ్చింది. దాన్నే గురి పెట్టుకుని తోసుకుంటూ పోయాను. ఇరవై తోపులయ్యాక తలెత్తి చూశాను. బెలూను అంతే దూరంలో ఉంది. ఇంకో ఇరవై. మళ్లీ అంతే దూరం. నేను లెక్కల టీచర్ని కదా, ఇది ఎలా సాధ్యమని ఆలోచించాను. నీళ్లు నన్ను వెనక్కి తోస్తూ ఉండాలి. లేదా బెలూను తాడు తెగి గాలికి కొట్టుకుపోతూ ఉండాలి. రెండోదే నిజమనిపించింది. నిర్వాహకులకి ఈ సంగతి చెప్పాలి, కానీ ముందు పట్టుకోవాలి. పళ్లు బిగించి వేగం పెంచాను. బెలూను కూడా వేగం పెంచింది.

ఈ విధంగా ఎంతసేపు వెళ్లానో తెలియదు. కాసేపటికి చేతికి బురద తగిలింది. కాళ్లు కింద పెడితే నిలబడ్డాను. నడుము లోతు నీళ్లు. నాలుగైదు గేదెలు మెడ దాకా మునిగి ఉండి నన్ను చూస్తున్నాయి. బెలూను కూడా అక్కడే ఆగిపోయింది. దగ్గరికి వెళితే దానికి ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్లు ఉంటాయి, పసుపు టోపీ. రొప్పుతున్నాడు. నేను బెలూను అనుకున్నది ఆయన నడుముకున్న బుడగ.

ఆయన గాగుల్స్ పైకి తోసుకుని కళ్లు చికిలించి నన్ను చూశాడు. ఆయనా కళ్లజోడు ఉండాల్సిన మనిషేనని అప్పుడే అర్థమైంది.

"ఏంటండీ మీరు? స్టార్టింగ్ నుంచీ నా వెనకే పడ్డారు" అన్నాడు. "ఎంత స్పీడుగా వెళ్లినా వదలరే! ప్రాణాలు పోయాయండీ నాకు."

నేను టోపీ ఒక చెవి మీంచి ఎత్తి, మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు.

"నేను మిమ్మల్ని బెలూను అనుకున్నానండీ" అన్నాను.

ఆయన కొంచెం నొచ్చుకున్నట్టున్నాడు. మనిషి కాస్త బొద్దుగానే ఉన్నాడు.

"మరి మీరు ఎటు వెళుతున్నారు?" అని అడిగాను.

"బెలూను దగ్గరికే."

"ఏదీ?"

ఆయన చెయ్యి చాపి గేదెల అవతల ఒడ్డు చూపించాడు. గాగుల్స్ ఎత్తి కళ్లు చికిలించి చూస్తే, అక్కడ ఎవరో నారింజ రంగు దుప్పటి ఉతికి పొద మీద ఆరేశారు.

ఆయన విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి అట. ఇది తనకి రెండో పోటీ అనీ, మొదటిది పూర్తి కాలేదనీ చెప్పాడు. మేమిద్దరం ఆ బురదలో నిలబడి, ఇక్కడి నుంచి ఎటు పోవాలా అని మాట్లాడుకుంటుండగా ఒక తెప్ప వచ్చింది. దాని మీద రిజర్వాయరులో చేపలు పట్టే ఆయన. ఆ రోజుకి ఎవరైనా మునిగితే పైకి లాగే పని ఆయనకి అప్పగించారు. నా కోసం ఈల వేసి వేసి అలిసిపోయినట్టున్నాడు.

"ఏటి మేడంగారూ, ఇటొచ్చీసారు? అందరూ అటెల్తే మీరిద్దరే ఇటు! ఏటైనా దబ్బలాటా?"

"దబ్బలాట కాదండీ, దారి తప్పాం" అన్నాడు బ్యాంకాయన.

"మరి ఎక్కీండి, దిగబెట్టెస్తాను."

తెప్పెక్కితే పోటీలోంచి తీసేస్తారని నిబంధనల కాగితంలో చదివాను. ఎక్కనన్నాను. నేను ఎక్కనంటే బ్యాంకాయన ఎలా ఎక్కుతాడు? ఆయనా ఎక్కనన్నాడు. తెప్పాయన తలకి చుట్టుకున్న ఎర్ర తువ్వాలు విప్పి గెడకర్ర చివర కట్టి పైకెత్తాడు. "సరే, దీన్ని సూసుకుంటూ రండి. ఇంకే రంగూ సూడకండి" అన్నాడు.

అలా బయలుదేరాం. నేను నాలుగు తోపులు తోసేసరికి ఎడమకి తిరిగిపోయేదాన్ని. "కుడికి, మేడంగారూ, కుడికి!" అని ఆయన అరిచేవాడు. చెవి మీంచి టోపీ ఎత్తి ఉంచుకున్నాను కాబట్టి ఈసారి వినబడేది. కాసేపటికి ఆయన నవ్వుతూ, "నువ్వు నూతిలో నేర్సుకున్నావేటమ్మా?" అని అడిగాడు. అవునన్నాను. "నూతోళ్లందరూ ఇంతే. మా బావమరిదీ అంతే" అన్నాడు. నీళ్లలో ఉండగా నవ్వకూడదు. మళ్లీ ఒక గుక్కెడు మింగాను.

అసలు బెలూను దగ్గరికి చేరాక అది చూసి నాకు కోపమొచ్చింది. కారంత ఉంది. ఇంత పెద్దదాన్ని వదిలేసి దిండంత బుడగ వెంట పడ్డానా అని. దాన్ని చుట్టి ఒడ్డుకి వచ్చేసరికి మిగతా అందరూ సైకిళ్లెక్కి వెళ్లిపోయారు. ఒడ్డు దగ్గర బ్యాంకాయన ఆగి, "లేడీస్ ఫస్ట్ అండీ" అని నన్ను ముందు నడవమన్నాడు. మర్యాదకి అన్నాడో, నన్ను మళ్లీ వెనక ఉంచుకోవడానికి భయపడ్డాడో తెలియదు. ఏదైతేనేం, నేను చివరి నుంచి రెండోదాన్ని.

సైకిళ్ల దగ్గర తాడు కట్టి బయటి వాళ్లని రానివ్వడం లేదు. తాడవతల అత్తయ్య నా కళ్లజోడు ఎత్తి పట్టుకుని ఊపుతున్నారు. "బేగి రా, బేగి!" అని అరుస్తున్నారు. నేను అటు వెళ్లబోతే కాపలా ఉన్న అమ్మాయి అడ్డొచ్చింది. బయటి వాళ్ల నుంచి ఏమీ తీసుకోకూడదట, రూలట.

"కళ్లు కూడా బయటోళ్ల సామానేటమ్మా?" అన్నారు అత్తయ్య. "కనబడకుండా సైకిలెలగ తొక్కుద్ది? ఎవులి మీదైనా ఎక్కించీదా?"

ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, ఆకాశం వైపు తిరిగి నిలబడింది. కళ్లజోడు తీసుకున్నాను. టోపీ పీకేసి హెల్మెట్ పెట్టుకుని సైకిలెక్కాను. లోకం మళ్లీ అంచులతో సహా కనబడింది. ఎంత సంతోషమంటే, నడుముకున్న బుడగ విప్పడం మరిచిపోయాను.

రోడ్డెక్కాక అది వెనక క్యారేజీ మీద టప్ టప్ అని కొట్టుకోవడం మొదలైంది. నేను టైరు సంగతేమో అనుకుని రెండుసార్లు దిగి చూశాను. దిగినప్పుడు తాడు వదులై బుడగ కిందికి వేలాడేది, ఎక్కితే మళ్లీ టప్ టప్. దారిలో జీడితోటల దగ్గర పనికి వెళుతున్న ఆడవాళ్లు ఆగి చూశారు. నల్లగా బిగించుకున్న సూటు, హెల్మెట్, కళ్లజోడు, బుట్ట సైకిలు, వెనక నారింజ బుడగ.

"ఏటమ్మా అది, ఎనకాల? గాలి సంచా?" అని ఒకావిడ అడిగింది.

అప్పుడు తెలిసింది. ఆపి విప్పి బుట్టలో పెట్టుకున్నాను. ఆవిడ దగ్గరికి వచ్చి బుడగని నొక్కి చూసి, "గట్టిగానే ఉంది" అని మెచ్చుకుంది. తర్వాత సూటు కేసి చూసి, "ఇదీ గట్టిగానే ఉంది" అంది.

సైకిలు మీద మాత్రం నేను మరీ తీసిపోలేదు. ఇద్దరిని దాటాను. వాళ్లలో ఒకాయన చెట్టు కింద కూర్చుని చైను బాగు చేసుకుంటున్నాడన్నది వేరే విషయం. పరుగులో సూటు ఆరి ఇంకా బిగుసుకుపోయింది. మోకాళ్లు వంగక, బాతులా పక్కలకి ఊగుతూ పరిగెత్తాను. నాకు ఆ గంటలో కాళ్ల నొప్పి తెలియలేదు, ఆయాసం తెలియలేదు. ఒకటే కోరిక, ఒక్కసారి నిండుగా ఊపిరి తీసుకోవాలని.

గమ్యం దగ్గరికి వచ్చేసరికి టెంటు విప్పుతున్నారు. అత్తయ్య టెంటు గుంజ పట్టుకుని, "మా కోడలు ఒస్తంది, ఉండండి" అని వాళ్లని ఆపుతున్నారు. గీత దాటాను. మెడలో పతకం వేశారు. మరో నాలుగు నిమిషాలకి బ్యాంకాయన కూడా వచ్చాడు. ఆయనకి ఇది మొదటిసారి పూర్తి కావడం. గీత దాటి అక్కడే చతికిలపడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నేనూ, అత్తయ్యా చప్పట్లు కొట్టాం. అత్తయ్య ఇంటి నుంచి తెచ్చిన ఇడ్లీలు ఆయనకి కూడా పెట్టారు. ఆయన ఆరు తిన్నాడు.

సూటు ఊడదీయడానికి అత్తయ్యా, తాడు దగ్గర కాపలా ఉన్న అమ్మాయీ కలిసి పట్టారు. కార్ల వెనక దుప్పటి అడ్డం కట్టి, ఒకరు చేతులు, ఒకరు సూటు. జిప్పు దిగగానే నేను తీసుకున్న ఊపిరి చప్పుడుకి అవతల ఎవరో "టైరు పేలిందా?" అని అడిగారు.

తిరుగు ప్రయాణంలో నైటీ మాత్రమే వేసుకుని ఆటోలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. అంత సుఖం నేనెరగను. ఆటో అతను అద్దంలో నా మెడలో పతకం చూసి అత్తయ్యని అడిగాడు.

"ఏటి మామ్మగారూ, ఎన్నో ప్రైజు ఒచ్చింది?"

అత్తయ్య క్షణం కూడా తడుముకోలేదు.

"ప్రైజుల సంగతి నాకు తెల్దు బాబూ. నీళ్లలో అందరి కన్నా ఎక్కువ దూరం ఈదింది మాత్రం ఈవిడే. మిగతావోళ్లు అడ్డదారిన ఎల్లి బేగి ఒచ్చీసారు."

ఆటో అతను "అలాగా!" అని గౌరవంగా తల ఊపాడు. అది నిజమే కదా. ఇంటి దగ్గర దిగి, సైకిలు దించుకుని, బాగా నానిన తలకి ఒక చెంబుడు వేడినీళ్లు పోసుకుని, అన్నం తిని సాయంత్రం దాకా పడుకున్నాను.